గళ్ళపట్టీ

భుజాన వేసుకోడానికి నాలుగు పద్ధతులున్నాయంది
దొర్కమ్మ టీచర్.
బొబ్బిలి హాస్టలు వరండాలో ఎనిమిది మందిమి,
కాళ్ళకి చెప్పుల్లేవు,
గచ్చు మీద సుద్దముక్కతో గీసిన రెండు వరసలు.
ట్రంకుపెట్టెలోంచి కలరా ఉండల వాసనతో
బయటికొచ్చింది పట్టీ:
ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద నలుపు,
మధ్యలో దారమంత పసుపు గీత.

"ఓలమ్మ, ఇది మా అయ్య గావంచాయే!" అంది పైడమ్మ.
అందరం నవ్వేం.
టీచరు నవ్వలేదు. గోటితో పోగులు లెక్కపెట్టింది.
"స్కాట్లాండోళ్ళు ఇంటిపేరు నోటితో చెప్పర్రే గుంటల్లారా,
నేసి చెప్తారు."
ఎవరు చెప్పారో ఆవిడకి, మేం అడగలేదు.

మొదటిది కుడి భుజం.
రొమ్ముకి అడ్డంగా జారి, భుజం మీద పిన్నీసు.
అది అందరాడోళ్ళదీ.
రెండోది ఎడమ భుజం, పన్నా ఎక్కువ.
అది దొరసానిది.
"మనలో ఎవర్తే దొరసాని?" అంటే
వంటింట్లో సన్నాసమ్మని చూపించాం,
గరిటె ఆవిడ చేతిలో ఉండేది మరి.

మూడోది దాటేసి నాలుగోది చెప్పింది.
ఆటకత్తెలది.
నడుం వెనక బొత్తానికి తగిలించి
వీపు మీంచి కుడి భుజానికి తెచ్చి
కొసలు వెనక్కి వదిలేయాలి.
ముందంతా ఖాళీ.
చేతులు పట్టుకోవాలి, గిర్రున తిరగాలి,
గుడ్డ మధ్యలో తగువు పెట్టకూడదు.
"మీ అమ్మలు ఊడుపులకి కొంగు దోపుతారు చూడు,
అదే తెలివి."

పట్టీ ఒకటే, మేం ఎనిమిది మందిమి.
రాజాం సంతలో ఎనిమిది గావంచాలు బేరమాడేం.
"పెళ్ళికా, పనికా?" అన్నాడు కొట్టువాడు.
"డాన్సుకి" అన్నాం.
అతను ఒక రూపాయి ఎక్కువ చెప్పేడు.

ఆ దేశపు సంచీబూరా లేదు మాకు.
ప్రార్థనకి అలవాటుపడ్డ హార్మోనియం,
సంసోను మాస్టారు ఎంత తొక్కినా పరిగెత్తదు.
తప్పెటగుళ్ళు చూసి పెరిగిన కాళ్ళు మావి,
వరసలో నిలబెడితే వలయమైపోయేవి.
"సెట్టు! సెట్టు చెదిరిపోయిందే!" అని
దొర్కమ్మ టీచర్ చీపురు పట్టుకుని మా మధ్య తిరిగేది,
తొమ్మిదో మనిషిలా.

వార్షికోత్సవం నాడు వాన.
తడుస్తూనే ఆడేం.
తెల్ల జాకెట్ల మీద ఎనిమిది కుడి భుజాలూ
ఎర్రగా దిగిపోయాయి.
మూడు ఉతుకులకీ పోలేదు. వార్డెను తిట్టింది.
నాకు మాత్రం ఆ మరక దాచుకోవాలనిపించింది.

మూడోదేంటి టీచర్?
"పెళ్ళయ్యేక రా."

వెళ్ళలేదు. ఆవిడే వచ్చింది,
నా పెళ్ళి భోజనాల్లో, మూడో బంతిలో,
విస్తరి ముందు కూచుని, చేతిలో చారు కారుతూ చెప్పింది:
"బయటింటికి మనువెళ్ళినా
పుట్టింటి గళ్ళు వదల్దామని లేనిదానిది.
కుడి భుజమే. పట్టీ కాస్త పొడుగు.
ఎడమ నడుం మీద పెద్ద పువ్వు ముడి.
కనపడేట్టు."

రేషను కార్డులో దన్నాన సూరీడమ్మని,
ఓటరు లిస్టులో, మిల్లు హాజరుపట్టీలో కూడా.
పొట్నూరు అనే మాట
బ్యాంకువాడు తల్లిగారి ఇంటిపేరు అడిగినప్పుడు
నా కూతురు చెప్తుంది, అంతే.

జనపనార మిల్లులో రెండో షిఫ్టు నాది.
యంత్రం దగ్గర కొసలు వేలాడకూడదు,
అందుకని నాలుగోది.
సూపర్వైజరు మెచ్చుకుంటాడు, సేఫ్టీ అంటాడు.
రాత్రి పదింటికి సైరను.
గేటు దాటేక, కిళ్ళీకొట్టు లైటు కింద
నిలబడి విప్పి కట్టుకుంటాను మూడోది.
కొత్త పిల్లలు అడుగుతారు,
"ఏటక్కా ఆ ముడి?"
"ఫ్యాషనే" అంటాను.

రెండేళ్ళకోసారి సంతకెళ్తాను.
ఆ కొట్టువాడి కొడుకు కూచుంటున్నాడిప్పుడు.
రంగు నిలుస్తుందమ్మా, గ్యారంటీ అంటాడు.
దిగేదే ఇయ్యి బాబూ,
అంటాను.